పంజరంలో అర్థం కాని లోరిస్

రాత్రివేళ ఈశాన్య భారతంలోని అడవిలో టార్చిలైటు వేసి చెట్ల పైకొమ్మలను పరికిస్తే, ఒక్కోసారి నిప్పుకణికల్లాంటి రెండు కళ్లు మెరుస్తాయి. వాటి వెనుక పిల్లి పిల్లంత శరీరం, ఒత్తయిన మెత్తని బొచ్చు, ఉందో లేదో తెలియని తోక ఉంటాయి. కొమ్మను పట్టుకున్న చేతులు మాత్రం మనిషి చేతుల్ని తలపిస్తాయి. అలికిడైతే ఈ జంతువు పారిపోదు. తల దించుకుని, ఉన్నచోటే బొమ్మలా బిగుసుకుపోతుంది. అందుకే బెంగాలీలు దీన్ని 'లజ్జావతి బానర్' అన్నారు, అంటే సిగ్గరి కోతి. ఇండోనేషియాలో దీనికున్న పేర్లలో ఒకటి 'మలు-మలు'. ఆ మాటకూ సిగ్గు అనే అర్థం. శాస్త్రజ్ఞులు దీన్ని 'స్లో లోరిస్' అంటారు. నిదానంగా నడిచే లోరిస్ అన్నమాట.

ఇన్ని భాషలవారు సిగ్గరి అన్నారు గాని, ఈ జంతువుకు సిగ్గేమీ లేదు. గద్ద, గుడ్లగూబ, కొండచిలువ వంటి శత్రువుల కంట పడకుండా ఉండటానికి అది కదలిక మానేస్తుంది. మనిషి తన స్వభావాన్ని జంతువుకు అంటగట్టి చూడటానికి ఇది మొదటి ఉదాహరణ మాత్రమే. స్లో లోరిస్ గురించిన శాస్త్ర పరిశోధనకు రెండున్నర శతాబ్దాల చరిత్ర ఉంది. అందులో సుమారు రెండు వందల ఏళ్లు దాన్ని ఎక్కువగా పంజరంలోనే చూశారు. సొంత అడవిలో, అది మేలుకుని తిరిగే వేళలో ఓపికగా వెంబడించి చూడటం మొన్న మొన్నటి సంగతి. అలా చూసినప్పుడు, మనకు తెలుసనుకున్నవాటిలో కొన్ని తారుమారయ్యాయి. ఆ మార్పు ఎలా జరిగిందో, దాన్ని మనం ఇంకా ఎందుకు పూర్తిగా వంటబట్టించుకోలేదో చూద్దాం.

స్లాతా, కోతి బంధువా?

యూరప్ శాస్త్రగ్రంథాలలో స్లో లోరిస్ ప్రస్తావన 1770లో కనిపిస్తుంది. హాలెండుకు చెందిన ఆర్నౌట్ వోస్మేర్ బెంగాల్ నుంచి తనకు చేరిన ఒక లోరిస్‌ను వర్ణిస్తూ, దాన్ని 'స్లాత్'ల కోవలో చేర్చాడు. స్లాత్ అంటే దక్షిణ అమెరికా అడవుల్లో చెట్లకు వేలాడుతూ అతి మెల్లగా కదిలే జంతువు. రెండూ మెల్లగా కదులుతాయి కాబట్టి రెండూ ఒకే కుటుంబమని ఆయన భావించాడు. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రవేత్త బ్యూఫాన్ దీన్ని ఒప్పుకోలేదు. సింహళంలో ఉండే సన్నని లోరిస్‌కే ఇది దగ్గరి చుట్టమని ఆయన వాదించాడు.

బ్యూఫాన్ మాటే నిలిచింది. చేతి నిర్మాణం, దంతాలు, పుర్రె పరిశీలించిన కొద్దీ ఇది కోతులు, మనుషులు చేరిన ప్రైమేట్ల వర్గంలోనిదని స్పష్టమైంది. 1812లో ఫ్రాన్సుకే చెందిన ఎటియెన్ జెఫ్రాయ్ దీనికి 'నిక్టిసెబస్' అనే ప్రజాతి నామం పెట్టాడు. గ్రీకు భాషలో 'రాత్రి కోతి' అని దాని భావం. నడకను బట్టి స్లాత్ అన్న పేరు పోయి, జీవన విధానాన్ని బట్టి పెట్టిన పేరు వచ్చింది. కాని ఆ రాత్రి జీవితం ఎలా ఉంటుందో అప్పటికి చూసినవారెవరూ లేరు.

న్యాయమూర్తి పెంచిన లోరిస్

పంజరంలోని లోరిస్‌ను శ్రద్ధగా గమనించి రాసిన తొలి వ్యక్తులలో సర్ విలియం జోన్స్‌ను తప్పక చెప్పుకోవాలి. కలకత్తా సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా, 1784లో ఆసియాటిక్ సొసైటీని స్థాపించినవాడిగా, కాళిదాసు శాకుంతలాన్ని ఇంగ్లీషులోకి అనువదించినవాడిగా ఆయన మీకు తెలిసే ఉంటాడు. ఆయన ఒక లోరిస్‌ను పెంచాడన్న సంగతి అంతగా ప్రచారంలో లేదు. దాన్ని గురించి ఆయన రాసిన చిన్న వ్యాసం, 1794లో ఆయన మరణించిన తర్వాత, 1795లో సొసైటీ పత్రిక నాలుగో సంపుటంలో వెలువడింది.

జంతువులను వర్ణించడం కోసం వాటిని చంపడం జోన్స్‌కు ఇష్టం లేదు. అందుకే ఆయన వ్యాసంలో కత్తి కోతల వివరాల కంటే అలవాట్ల వివరాలే ఎక్కువ. సూర్యోదయమైన అరగంటకు ముడుచుకుని పడుకుంటే, సూర్యాస్తమయానికి అరగంట ముందు దాకా అది లేవదని రాశాడు. అరటిపండ్లు ఎప్పుడూ తినేదని, కాలంలో మామిడిపండ్లు తినేదని, జామపండ్లంటే అంతగా ఇష్టపడేది కాదని రాశాడు. మిడతలు పెడితే మాత్రం ఎన్ని పెట్టినా చాలేవి కావట. వేసవి రాత్రులన్నీ వాటి వేటలోనే గడిపేదట.

మరో విషయం కూడా ఆయన దృష్టి దాటిపోలేదు. మామూలుగా సాధువుగా ఉండే ఆ జంతువు చలికాలం రాగానే పూర్తిగా మారిపోయేది. ముట్టుకుంటే కోపగించుకునేది. వెచ్చగా ఉంచడానికి ఎంత జాగ్రత్త తీసుకున్నా అంతే. చలికి తట్టుకోలేక తనను నిందిస్తున్నట్టుందని జోన్స్ అనుకున్నాడు. ఒకనాడు అది రోజూ నిద్రపోయే భంగిమలోనే చనిపోయి కనిపించింది. బాధ లేకుండా పోయిందనీ, బందీగా ఉన్న జంతువుకు సాధ్యమైనంత సుఖంగానే బతికిందనీ ఆయన మనసుకు సర్దిచెప్పుకున్నాడు.

ఇక్కడ రెండు విషయాలు గుర్తుపెట్టుకోండి. ఒకటి, దాని ఆహారం: పండ్లు మనిషి పెట్టినవి, మిడతలు అది స్వయంగా వెతుక్కున్నవి. రెండు, చలికాలపు మార్పు. జోన్స్ చూసింది నిజమే. దాని అర్థం తెలియడానికి మాత్రం రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.

నెమ్మదితనానికి లెక్కలు

1800లో లండన్‌లో ఆంథొనీ కార్లైల్ అనే శస్త్రవైద్యుడు రాయల్ సొసైటీ పత్రికలో ఒక వ్యాసం ప్రచురించాడు. విలియం నికల్సన్‌తో కలిసి విద్యుత్తుతో నీటిని హైడ్రోజన్, ఆక్సిజన్లుగా విడగొట్టిన కార్లైల్ ఈయనే. అదీ ఆ ఏడాదే. లోరిస్ కాళ్లు చేతుల్లోకి వెళ్లే ధమనిని పరిశీలిస్తే, అది ఒకే గొట్టంగా సాగకుండా సన్నని సమాంతర నాళాల కట్టగా చీలిపోతోందని ఆయన గమనించాడు. స్లాత్‌లోనూ అటువంటి ఏర్పాటే ఉంది. బంధుత్వం లేని రెండు నిదాన జంతువుల్లో ఒకే ఏర్పాటు ఉందంటే, దానికీ నెమ్మదితనానికీ సంబంధం ఉండి తీరాలి. గంటల తరబడి కొమ్మను బిగించి పట్టుకున్నా కండరాలకు రక్తప్రసారం ఆగిపోకుండా ఈ నాళాల కట్ట తోడ్పడుతుందని తర్వాతివారు వివరించారు.

ఇరవయ్యో శతాబ్దంలో కొలతలు మరింత లోతుకు వెళ్లాయి. ఏ పనీ చేయకుండా ఊరికే కూర్చున్నా శరీరం కొంత శక్తిని ఖర్చు చేస్తుంది గదా! దాన్ని ప్రాథమిక జీవక్రియ రేటు అంటారు. 1979లో ఎవాల్డ్ మ్యూలర్ ప్రయోగశాలలో కొలిచి చూస్తే, అంతే బరువున్న మామూలు క్షీరదంతో పోలిస్తే స్లో లోరిస్‌లో ఈ రేటు సుమారు 40 శాతమే ఉందని తేలింది. అంటే సంసారం అతి పొదుపుగా సాగుతోందన్నమాట.

ఈ పొదుపు సంతానోత్పత్తిలోనూ కనిపిస్తుంది. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయ ప్రైమేట్ కేంద్రంలో పెంచిన స్లో లోరిస్‌ల వివరాలు 1988లో వెలువడ్డాయి. వాటి గర్భధారణ కాలం ఆరు నెలలకు పైగా ఉంది. మన పెంపుడు పిల్లి రెండు నెలలకు ఈనుతుంది, నాలుగైదు కూనలను పెడుతుంది. పిల్లి కంటే చిన్నదైన లోరిస్ ఆరు నెలలు మోసి సాధారణంగా ఒక్క కూననే కంటుంది. ఒక అడవిలో పది లోరిస్‌లను పట్టుకుపోతే, ఆ లోటు పూడటానికి ఎన్నేళ్లు పడుతుందో మీరే ఊహించండి.

ఈ కొలతలన్నీ బందీగా ఉన్న జంతువుల మీద చేసినవే. అడవిలో చెట్టుపై ఉన్న జంతువు పీల్చే ఆక్సిజన్‌ను గాని, దాని గర్భంలోని పిండం వయసును గాని ఆ రోజుల్లో కొలవడం సాధ్యమయ్యేది కాదు. కాబట్టి పంజరం వల్ల శాస్త్రానికి మేలు జరగలేదనలేం. చిక్కల్లా ఆ అంకెలకు కారణాలు చెప్పబోయినప్పుడు వచ్చింది. జీవక్రియ ఎందుకంత తక్కువ? బహుశా తినే తిండిలో శక్తి తక్కువేమో, అందుకే పొదుపేమో అన్నది ఒక ఊహ. పంజరాల్లో ఒక్కొక్కటిగా ఉంచితే నిశ్చింతగా ఉంటాయి కాబట్టి ఇది ఒంటరి జీవి అన్నది మరో ఊహ. ఈ రెండింటినీ పరీక్షించాలంటే అడవికి వెళ్లక తప్పదు.

ఎర్ర దీపం వెలుగులో

వెళ్లడం సులభమేమీ కాదు. పగలు ఈ జంతువు ఆకుల గుబురులో బంతిలా ముడుచుకుని ఉంటుంది. రాత్రి ముప్పై నలభై అడుగుల ఎత్తున చప్పుడు లేకుండా కదులుతుంది. గెంతదు, కాబట్టి కొమ్మలు ఊగవు. అరుపులూ తక్కువే. పరిశోధకులకు రెండు సాధనాలు అక్కరకొచ్చాయి. మొదటిది ఎర్ర కాగితం చుట్టిన దీపం. లోరిస్ కంటి లోపలి అద్దంలాంటి పొర ఆ వెలుగును తిప్పికొడుతుంది. అందువల్ల దూరం నుంచే ఆనవాలు దొరుకుతుంది, జంతువు పెద్దగా బెదరదు. రెండోది మెడపట్టీకి అమర్చిన చిన్న రేడియో ప్రసారిణి. దాని సంకేతాలను ఏంటెనాతో పట్టుకుంటూ ఒకే జంతువును నెలల తరబడి వెంబడించవచ్చు.

మలేసియాలోని పేరక్ రాష్ట్రంలో సెగారి మెలింతాంగ్ అనే అడవి ఉంది. అక్కడ జర్మన్ శాస్త్రజ్ఞులు ఫ్రాంక్ వీన్స్, ఆనెట్ జిట్జ్‌మాన్ ఈ పద్ధతిలో దీర్ఘకాలం పరిశోధించి, 2002 నుంచి ఫలితాలు ప్రచురించారు. 'ఒంటరి' లోరిస్‌లు నిజానికి ఒంటరివి కావు. ఒక మగ, ఒక ఆడ, వేర్వేరు వయసుల పిల్లలు ఒకే ప్రాంతాన్ని పంచుకుంటూ తిరుగుతున్నాయి. తిండి వేటలో ఎక్కువసేపు విడివిడిగా ఉన్నా, ఎదురుపడ్డప్పుడు ఒకదాని బొచ్చు ఒకటి శుభ్రం చేసుకుంటున్నాయి. గుంపుగా కూడి తిరిగే కోతులను చూసిన కళ్లకు ఇది సంసారంలా కనపడలేదంతే.

తిండి విషయంలో మరింత ఆశ్చర్యం ఎదురైంది. శక్తి తక్కువగా ఉన్న ఆహారమే నెమ్మదితనానికి కారణమన్న ఊహ నిలబడలేదు. అక్కడి లోరిస్‌లు ఎక్కువసేపు చెట్ల రసం, పూల మకరందం, బంక తీసుకుంటున్నాయి. ఇవి శక్తి పుష్కలంగా ఉన్నవే. అయితే మొక్కల రసాల్లో, బంకల్లో ఆత్మరక్షణ కోసం మొక్క తయారుచేసే హానికర రసాయనాలు కూడా ఉంటాయి. మందగొడి జీవక్రియకు, ఈ విషపదార్థాలను తట్టుకోవడానికి సంబంధం ఉండవచ్చని వీన్స్ బృందం 2006లో సూచించింది.

2008లో వెలువడిన మరో ఫలితం మన పల్లెటూళ్ల వారికి బాగా అర్థమవుతుంది. ఆ అడవిలోని బెర్తమ్ తాటిజాతి చెట్టు పూమొగ్గల్లో ఊరే మకరందం ఈస్టుల వల్ల పులిసి కల్లులా మారుతుంది. అందులో ఆల్కహాలు గరిష్ఠంగా 3.8 శాతం దాకా ఉంది. చిన్న చుంచెలుకల్లాంటి ట్రీష్రూలతోపాటు స్లో లోరిస్‌లు కూడా రాత్రివేళ వచ్చి దాన్ని తాగిపోతున్నాయి. తూలిపోయిన దాఖలా మాత్రం కనపడలేదు.

బంక తినే పళ్లు

మన దేశంలో త్రిపురలోని తృష్ణ అభయారణ్యంలో ఎన్. స్వప్న, సింధు రాధాకృష్ణ తదితరులు బెంగాల్ స్లో లోరిస్‌లను వెంబడించి, 2010లో ఫలితాలు ప్రకటించారు. జోన్స్ పెంచినదీ ఈ జాతికి చెందినదే. అడవిలో దాని ఆహారంలో అత్యధిక భాగం చెట్ల నుంచి కారే బంక, జిగురు రసాలే. అరటి, మామిడి కాదు.

ఇప్పుడు దాని పళ్లను చూడండి. కింది దవడ ముందు పళ్లు దువ్వెనలా ముందుకు వంగి ఉంటాయి. బొచ్చు దువ్వుకోవడానికే కాదు, బెరడును గీకి బంక రాబట్టడానికీ ఇవే పనిముట్లు. తుమ్మచెట్టుకు గాటు పెట్టి బంక సేకరించేవారు కత్తితో చేసే పనిని లోరిస్ పళ్లతో చేస్తుంది. జావాలోని సిపగాంతి గ్రామ పరిసరాల్లో ఆనా నెకారిస్ నాయకత్వంలోని బృందం గమనించిన జావా స్లో లోరిస్‌లకూ తుమ్మజాతి చెట్ల బంకే ముఖ్యాహారం. బంకలోని సంక్లిష్టమైన పిండిపదార్థాలు ఒక పట్టాన అరగవు. పేగుల్లోని సూక్ష్మజీవులు వాటిని నిదానంగా పులియబెట్టి అరిగించాలి. లోరిస్ పేగులు ఆ పనికి అలవాటుపడినవి.

ఈ సంగతి తెలియక ప్రపంచమంతటా జంతు ప్రదర్శనశాలలు దశాబ్దాలపాటు లోరిస్‌లకు పండ్ల ముక్కలే పెట్టాయి. మనం తోటల్లో పెంచే పండ్లలో చక్కెర ఎక్కువ, పీచు తక్కువ. ఫలితంగా వాటికి పళ్లు పుచ్చిపోవడం, చిగుళ్ల వాపు, ఊబకాయం సర్వసాధారణమయ్యాయి. ఫ్రాన్సిస్ కబానా, నెకారిస్ అనేక ప్రదర్శనశాలల నుంచి పిగ్మీ లోరిస్‌ల వివరాలు తెప్పించి, 2015లో విశ్లేషించారు. పండ్లు ఎక్కువగా ఉండి బంక తక్కువగా ఉన్న చోట దంతవ్యాధులు ఎక్కువగా కనిపించాయి. పండ్లు తగ్గించి తుమ్మబంక, కీటకాలు, కూరగాయలు పెట్టాలన్న సూచన ఇప్పుడు బలపడింది. అడవిలో రాత్రుళ్లు నిద్ర మానుకుని సంపాదించిన జ్ఞానం ఈ విధంగా పంజరంలోని జంతువుకు ఉపయోగపడింది.

కాటులో విషం

లోరిస్ కరిస్తే విషం ఎక్కుతుందని ఆగ్నేయాసియా గ్రామీణులు ఎప్పటినుంచో చెబుతున్నారు. చూడటానికి ఆటబొమ్మలా ఉండే జంతువుకు విషమేమిటని చాలామంది దాన్ని కట్టుకథ కింద జమకట్టారు. 1972లో హెన్రీ వైల్డ్ అనే వైద్యుడు ఒక నివేదిక ప్రచురించాడు. లోరిస్ కరిచిన వ్యక్తికి తీవ్రమైన ఎలర్జీ వల్ల రక్తపోటు పడిపోయి ప్రాణం మీదికి వచ్చిన ఉదంతం అది.

లోరిస్ మోచేతి లోపలి వైపు ఒక గ్రంథి ఉంది. బెదిరినప్పుడు అది ఘాటైన వాసన గల నూనెలాంటి ద్రవాన్ని స్రవిస్తుంది. జంతువు చేతులు తలపైకి ఎత్తి, ఆ ద్రవాన్ని నాకి లాలాజలంతో కలుపుకుంటుంది. దువ్వెన పళ్ల సందుల గుండా ఈ మిశ్రమం కాటులోకి దిగుతుంది. ఆ ద్రవంలోని ఒక ప్రోటీను పిల్లుల వల్ల మనుషులకు ఎలర్జీ కలిగించే ప్రోటీనును పోలి ఉందని 2003లో వెల్లడైంది. ప్రైమేట్లన్నింటిలో విషం ఉన్నట్టు తెలిసినవి ఈ లోరిస్‌లే.

విషం ఎవరి మీద ప్రయోగించడానికి? శత్రువుల మీదనా, పేలు, జలగల వంటి పరాన్నజీవుల మీదనా? పంజరంలో చూసి దీన్ని తేల్చలేం. నెకారిస్ బృందం జావాలో 82 లోరిస్‌లను 8 సంవత్సరాలపాటు గమనించి, 2020లో జవాబు చెప్పింది. పట్టి పరీక్షించినవాటిలో సుమారు 20 శాతానికి తాజా కాటు గాయాలున్నాయి. అవి తోటి లోరిస్‌లు చేసినవే. కాటు పడ్డ చోట మాంసం కుళ్లి, వేళ్లు, చెవులు పోగొట్టుకున్నవీ ఉన్నాయి. అంటే సొంత హద్దును, జతను కాపాడుకోవడానికి అవి ఒకదానిపై ఒకటి విషం ప్రయోగించుకుంటున్నాయి. బంక ఇచ్చే చెట్లు నాలుగు చేతికి చిక్కితే, వాటికోసం పోరాటం తప్పదు మరి.

ఇక్కడే ఒక విషాదం చెప్పుకోవాలి. 2009లో ఇంటర్నెట్‌లో ఒక పెంపుడు లోరిస్ చలనచిత్రం విపరీతంగా ప్రచారమైంది. గిలిగింతలు పెడుతుంటే అది రెండు చేతులూ పైకెత్తి ఆనందిస్తున్నట్టు కనిపిస్తుంది. లక్షలాది మంది ముచ్చటపడ్డారు. అలాంటిది మాకూ కావాలని రాసినవారు ఎందరో. 2013లో ఒక పరిశోధక బృందం ఆ దృశ్యంపై వచ్చిన 12 వేలకు పైగా వ్యాఖ్యలను విశ్లేషించింది. చేతులు పైకెత్తడం అంటే ఏమిటో పైన చెప్పుకున్నాం. మోచేతి గ్రంథిని నోటికి అందుబాటులోకి తెచ్చుకోవడం అది. ఆనందంగా కనబడింది నిజానికి ఆత్మరక్షణ భంగిమ.

చలికాలపు మౌనం

జోన్స్ గమనించిన చలికాలపు చిరాకు దగ్గరికి మళ్లీ వద్దాం. వియత్నాంలోని కుక్ ఫువాంగ్‌లో 1993లో నెలకొల్పిన ప్రైమేట్ల సంరక్షణ కేంద్రానికి వ్యాపారుల దగ్గర పట్టుకున్న పిగ్మీ లోరిస్‌లు వస్తుంటాయి. చలికాలానికి ముందు అవి బరువు పెరిగి, తర్వాత తగ్గడం అక్కడ పనిచేసిన ఉల్రికే స్ట్రైకర్ దృష్టికి వచ్చింది. ఆరుబయట సహజ వాతావరణంలో ఉంచిన లోరిస్‌ల శరీర ఉష్ణోగ్రతను నిరంతరం నమోదు చేస్తే అసలు విషయం బయటపడింది. చలినెలల్లో వాటి శరీరం చల్లబడిపోయి, ఒక్కో విడత 63 గంటల వరకు సుప్తావస్థలో ఉండిపోతున్నాయి. 2015లో ఈ ఫలితం ప్రచురితమయ్యేవరకు, ప్రైమేట్లలో రోజుల తరబడి సాగే ఇటువంటి నిద్ర మడగాస్కర్ లెమూర్లకు మాత్రమే ఉందని భావించేవారు.

పిగ్మీ లోరిస్ వేరు, బెంగాల్ లోరిస్ వేరు. అయినా రెండింటికీ చలికాలమంటే కీటకాలు దొరకని కాలం, ఖర్చు తగ్గించుకోవలసిన కాలం. ఆ కాలంలో లేపి, ఎత్తుకుని, స్నానం చేయిస్తే జంతువు చిరాకు పడటంలో ఆశ్చర్యమేముంది? ఈ పరిశోధన బందీగా ఉన్న జంతువుల మీదే జరిగిందని కూడా గమనించండి. కాకపోతే వాటికి నాలుగు గోడల వెచ్చదనం బదులు అడవి చలినే మిగిల్చారు. పంజరంలో ఉంచినా వాటి రుతువులను వాటికి వదిలేస్తే కొత్త నిజాలు తెలుస్తాయని దీనివల్ల రుజువైంది.

ఒకటి కాదు, తొమ్మిది

1971లో కొలిన్ గ్రోవ్స్ చేసిన వర్గీకరణలో స్లో లోరిస్‌లు రెండే జాతులు: ఒకటి మామూలుది, ఒకటి పిగ్మీ. తర్వాత ముఖంపై మచ్చల తీరును, జన్యు పదార్థాన్ని పోల్చి చూసిన కొద్దీ జాతుల సంఖ్య పెరిగింది. బోర్నియో లోరిస్‌లు ఒకే రకం కావని 2013లో వివరించారు. 2022లో పిగ్మీ లోరిస్‌కు ఏకంగా వేరే ప్రజాతి ఏర్పడింది. అన్నీ కలిపి ఇప్పుడు ఎనిమిది తొమ్మిది జాతులుగా లెక్కిస్తున్నారు.

పేర్లు మారితే జంతువుకు ఒరిగేదేమిటని మీరు అడగవచ్చు. అన్నీ ఒకటే అనుకున్న రోజుల్లో ప్రదర్శనశాలలు వేర్వేరు ప్రాంతాల లోరిస్‌లను జతకట్టించి సంకర సంతానాన్ని పుట్టించాయి. వ్యాపారుల నుంచి విడిపించిన వాటిని ఏ అడవిలో వదలాలన్నదీ జాతి తెలిస్తేనే తేలుతుంది. 'చాలా ఉన్నాయిలే' అనుకున్న జంతువు తొమ్మిదిగా చీలితే, ఒక్కొక్కటీ ఎంత తక్కువగా ఉందో కూడా అప్పుడే కళ్లకు కడుతుంది. జావా లోరిస్ నేడు అత్యంత ప్రమాదస్థితిలో ఉంది. మన ఈశాన్య రాష్ట్రాల్లోని బెంగాల్ లోరిస్‌ను 2020లో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంఘం 'ప్రమాదంలో ఉన్న' జాతిగా ప్రకటించింది.

తెలిసిన దాన్ని వాడుకోవద్దా?

2007లో అంతర్జాతీయ ఒప్పందం ద్వారా స్లో లోరిస్‌ల వాణిజ్యాన్ని నిషేధించారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో ఇవి మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అయినా ఇండోనేషియా సంతల్లో వీటి అమ్మకం ఆగలేదు. కాటుకు భయపడి వ్యాపారులు వీటి ముందు పళ్లను గోళ్లు తీసే కత్తెరతో, శ్రావణంతో కత్తిరిస్తారు. మత్తుమందు మాటే ఉండదు. చిగుళ్లకు చీముపట్టి చాలా చనిపోతాయి. బతికినవాటిని అధికారులు విడిపించినా అడవిలో వదలలేరు. బెరడు గీకే పనిముట్టే పోయాక అది తినేదేమిటి? తనను తాను కాపాడుకునేదెలా? పళ్లున్నవాటిని వదిలినా, హద్దులు తెలియని కొత్త చోట, పాత కాపురస్తుల విషపు కాట్ల మధ్య చాలా జంతువులు బతకలేదని జావాలో రేడియో పట్టీలతో గమనించినవారు రాశారు. విడిపించడం ఎంత ముఖ్యమో, పట్టకుండా ఆపడం అంతకంటే ముఖ్యమని దీనివల్ల తెలుస్తోంది.

స్లో లోరిస్ తెలుగు నేల మీద లేదు. కాని దాని దగ్గరి చుట్టం ఉంది. బ్యూఫాన్ పోల్చి చూపిన సన్నని లోరిస్ కుటుంబానికి చెందిన దేవాంగపిల్లి శేషాచలం కొండలలో, దక్షిణాది పొడి అడవులలో జీవిస్తోంది. పుల్లల్లాంటి కాళ్లు, చక్రాల్లాంటి కళ్లు దాని గుర్తులు. ఇది బంకకంటే ఎక్కువగా కీటకాలనే తింటుంది. తమిళనాడులోని దిండిగల్ ప్రాంతంలో సింధు రాధాకృష్ణ, మేవా సింగ్, నెకారిస్ 1990ల చివర దీన్ని రాత్రుళ్లు వెంబడించి, ఇదీ ఒంటరి జీవి కాదని, పగలు గుంపులుగా కలిసి నిద్రిస్తుందని తేల్చారు. 2022లో తమిళనాడు ప్రభుత్వం కరూర్, దిండిగల్ జిల్లాల్లో 11,806 హెక్టార్లను దేవాంగపిల్లి అభయారణ్యంగా ప్రకటించింది. మన దేశంలో ఈ జంతువు కోసమే ఏర్పడిన మొదటి అభయారణ్యం అది.

దేవాంగపిల్లికి దక్షిణాదిలో ఉన్న పెద్ద ముప్పు మూఢనమ్మకం. దాని కళ్లు కంటిజబ్బులకు మందని, వశీకరణకు పనికొస్తాయని నమ్మి దాన్ని హింసిస్తారు. రాత్రి చూడగలిగే కన్ను మన కంటిని బాగుచేస్తుందనుకోవడంలో తర్కం లేదు. ఆ కంటిలోని అద్దంలాంటి పొర మందు కాదు, వెలుగును తిరగకొట్టే పొర మాత్రమే. ఈ మాట మీ ఊళ్లో నలుగురికి చెప్పడం కూడా విజ్ఞాన ప్రచారమే.

ఎప్పుడైనా మీ చుట్టుపక్కల పట్టుబడ్డ దేవాంగపిల్లి కనిపిస్తే చేతితో ముట్టుకోకండి, పగటి వెలుగులో పదిమందికీ చూపించకండి. చీకటిగా, ప్రశాంతంగా ఉన్న పెట్టెలో ఉంచి అటవీశాఖకు కబురు చేయండి. దాన్ని పట్టుకున్న చోటు ఏదో తెలిస్తే తప్పక చెప్పండి. ఏ కొమ్మ మీది నుంచి తెచ్చారో ఆ కొమ్మకు చేరితేనే అది బతుకుతుంది. అది తల దించుకుని కదలకుండా కూర్చుంటే సిగ్గుపడుతోందని అనుకోకండి. భయపడుతోందని గ్రహించండి.